మా మొగ దగ్గర రెండు దీపాలు పెట్టండి: తీరప్రాంత అధికారులకు ఒక సరంగు బహిరంగ లేఖ

మత్స్య, విపత్తు నిర్వహణ, తీర రక్షణ పనులు చూసే అధికారులకు, తీరప్రాంత ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

నేను విజయనగరం జిల్లా తీరంలో ఫైబర్ బోటు నడిపే సరంగుని. నా వయసు 51. పదిహేనో ఏట మా నాన్న తెప్ప మీద మొదటిసారి వేటకు వెళ్లాను. వేట నిషేధ కాలంలో ఇచ్చే సాయాన్ని మీరు 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెంచారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మా ఇళ్లలో పొయ్యి వెలగడానికి అది పనికొచ్చింది. అందుకు కృతజ్ఞతలు. ఈ లేఖ రాస్తున్నది వేరే సంగతి గురించి: గెడ్డ, అంటే చిన్న ఏరు, సముద్రంలో కలిసే మొగ దగ్గర మా చిన్న బోట్లు బోర్లాపడకుండా చూడమని.

ఆ సంగతి మీద ఇప్పటికే మూడు అర్జీలు ఇచ్చాం. రెండింటికి రసీదు ఇచ్చారు. మూడోసారి వెళ్తే "ఇది మా పరిధిలోకి రాదు, పక్క ఆఫీసుకి వెళ్లండి" అన్నారు. పక్క ఆఫీసువాళ్లు మమ్మల్ని మళ్లీ మొదటి ఆఫీసుకే పంపారు. ఎవరినీ బజారుకీడ్చాలని కాదు కాబట్టి ఆ ఆఫీసుల పేర్లు రాయడం లేదు. కానీ తిరిగే ఓపిక అయిపోయింది. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు ఒక రాత్రి జరిగింది చెప్పాలి.

గత ఏడాది దీపావళికి రెండు రోజుల ముందు కానాగంత చేపలు బాగా పడ్డాయి. మా వాడ దగ్గర ఐసు లేదు, కొనేవాళ్లూ లేరు. విశాఖ హార్బర్‌కి తీసుకెళ్లి అమ్మి, మధ్యాహ్నం రెండింటికి ఇంటికి బయల్దేరాం. బోటులో ఐదుగురం. సముద్రం మీద మాకు యాభై కిలోమీటర్ల దారి. మామూలు రోజుల్లో అయితే ఐదు గంటలు పడుతుంది. దసరా దాటాక మాత్రం ఆ లెక్క పనిచేయదు. ఎండాకాలంలో ఉత్తరానికి నడిచే నీరు ఆ రోజుల్లో దక్షిణానికి తిరుగుతుంది. గాలి కూడా ఈశాన్యానికి మారుతుంది. విశాఖ నుంచి మా వైపు రావాలంటే ఎదురు గాలి, ఎదురు నీరు. రెండింటితోనూ పోరాడుతూ రావాలి.

ఋషికొండ దాటేసరికి గాలి పెరిగింది. కుడివైపు నుంచి కెరటం ఎత్తి కొడుతోంది. ముందు కూర్చున్నవాడు నీళ్లు తోడుతూనే ఉన్నాడు. భీమిలి ఎదురుగా వచ్చేసరికి చీకటి పడింది. అక్కడ గోస్తని మొగలోకి తిప్పుదామా అనుకున్నాం. కానీ మొగ పొడుగునా కెరటాలు విరిగి తెల్లగా కనిపిస్తున్నాయి. తెలియని మొగలోకి రాత్రిపూట వెళ్లడం కన్నా తెలిసిన మొగ నయం అనుకుని ముందుకే వచ్చాం. ఇంటి ఎదురుకి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. ట్యాంకులో మహా అయితే అరగంటకు సరిపడా ఆయిల్ ఉంది.

మా వాడ పక్కన ఒక గెడ్డ సముద్రంలో కలుస్తుంది. ఆ మొగే మా రేవు. పగటిపూట మొగ ఎక్కడుందో కొండల గుర్తుతో తెలుస్తుంది. ముందున్న దిబ్బ, వెనకున్న కొండ ఒక వరసలోకి వస్తే దారి సరిగ్గా ఉన్నట్టు. రాత్రి ఆ రెండూ కనిపించవు. చింతపల్లి లైట్‌హౌస్ కనిపిస్తుంది, అదొక్కటే మాకు ధైర్యం. కానీ ఊరి వైపు వచ్చామా లేదా అన్నదే అది చెబుతుంది. గెడ్డ మొగ ఎక్కడ తెరుచుకుందో చెప్పదు. పైగా ఇప్పుడు ఒడ్డు పొడుగునా రొయ్య పిల్లల హేచరీలు, రిసార్టులు వచ్చాయి. రాత్రంతా లైట్లే. ఏ లైటు మా వాడదో, ఏది హేచరీదో తెలియలేదు. అమావాస్య దగ్గర రోజులు, కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించని చీకటి. పోటు అయిపోయి పాటు మొదలైంది, నీరు వెనక్కి తీస్తోంది. గెడ్డ నీరు బయటికి తోస్తుంటే, సముద్రపు కెరటం దాని మీదికి వచ్చి గోడలా నిలబడి విరుగుతోంది.

మేము బయట తిరుగుతుంటే ఒడ్డున మా ఆడవాళ్లు తాటాకులు తగలబెట్టారు. ఆ గాలికి మంట నిలవలేదు. అప్పుడు మా తమ్ముడికి ఒక ఆలోచన వచ్చింది. రెండు బైకులు తెచ్చి ఒకటి నీటి అంచున, రెండోది వెనక దిబ్బ మీద, సరిగ్గా మొగ వరసలో నిలబెట్టి హెడ్‌లైట్లు వేశాడు. పగలు మేము కొండనీ దిబ్బనీ ఎలా కలిపి చూస్తామో, ఆ రెండు లైట్లనీ అలాగే ఒకదాని మీద ఒకటి కలిపి చూస్తూ వచ్చాం. పెద్ద కెరటాలు వరసగా పోయేదాకా ఆగి, ఒక కెరటం వీపు వెనకాలే లోపలికి పోనిచ్చాం. సగం దారిలో వెనక నుంచి ఇంకొకటి వచ్చి బోటుని అడ్డంగా తిప్పేసింది. వలలు పోయాయి. మా బోటులో అందరికంటే చిన్నవాడు, పందొమ్మిదేళ్ల కుర్రాడు, నీళ్లలో పడ్డాడు. వలకి కట్టే, నీళ్లలో తేలే బెండ్లు పట్టుకుని వేలాడాడు. ఒడ్డున ఉన్నవాళ్లు తాడు విసిరి లాగారు.

ఐదుగురం బతికాం. అంతకుముందు ఏడాది ఇదే మొగలో తిరగబడిన బోటులో నలుగురే తిరిగొచ్చారు.

ఈ రెండు రాత్రులూ నాకు నేర్పింది ఒకటే. నడి సముద్రంలో తుపాను వస్తే ఏం చేయాలన్నది దేశం కొంతవరకు నేర్చుకుంది. ఇంటి దీపాలు కనిపించాక, ఒడ్డు అర కిలోమీటరు ఉందనగా మేము చచ్చిపోకుండా ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. చిన్న బోటుకి అసలు గండం అక్కడే. లోతు తగ్గేకొద్దీ కెరటం అడుగు ఇసుకకి రాసుకుని ఆగిపోతుంది, తల ముందుకి పడుతుంది. బయట బాతులా తేలిన బోటు అక్కడ ఒక్క క్షణంలో బోర్లా పడుతుంది.

మా కష్టాలు, వాటికి మేము అడుగుతున్నవి ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

1. మొగలో దారి చూపే దీపాలు లేవు. ప్రతి చిన్న రేవు దగ్గర రెండు స్తంభాలు పాతండి. ముందుది పొట్టిది, వెనకది పొడుగుది. వాటిమీద సోలార్ దీపాలు పెట్టండి. హేచరీ లైట్లలో కలిసిపోకుండా రంగు వేరుగా ఉండాలి, ఆరుతూ వెలుగుతూ ఉండాలి. రెండు దీపాలు ఒక వరసలో కనిపిస్తే దారి మీద ఉన్నట్టు, పక్కకి జరిగితే దారి తప్పినట్టు. ఇది నేను కనిపెట్టింది కాదు. పెద్ద ఓడరేవుల్లో ఓడలు లోపలికి వచ్చేది ఇలాంటి జంట దీపాల వరస చూసుకునే. పెద్ద ఓడకి ఉన్న వసతి ఆరడుగుల వెడల్పు బోటుకి ఎందుకు ఉండకూడదు? "మొగ ఏటేటా జరుగుతుంది కదా, దీపం పెట్టి లాభమేంటి" అని ఒక ఇంజినీరు గారు అడిగారు. నిజమే, జరుగుతుంది. అందుకే స్తంభాలు కాంక్రీటు దిమ్మెలో బిగించకుండా, పీకి మళ్లీ పాతుకునేలా ఇవ్వండి. మొగ ఎటు జరిగిందో ప్రతిరోజూ చూసేవాళ్లం మేమే. వాటిని జరిపే పని మాకు అప్పగించండి.

2. గెడ్డల మొగలు పూడిపోతున్నాయి. వానలు బాగా పడిన ఏడాది వరద నీరే ఇసుకని తోసేస్తుంది. పడని ఏడాది మొగకి అడ్డంగా మేట వేస్తుంది. అప్పుడు బోటుని గెడ్డలోకి తేలేం, విరిగే కెరటాల మధ్య నేరుగా ఒడ్డుకి ఎక్కించాలి. మా జిల్లా తీరం సుమారు 28 కిలోమీటర్లే. ఇంతవరకు ఇక్కడ ఒక్క ఫిషింగ్ హార్బర్ లేదు. శ్రీకాకుళం వైపు బుడగట్లపాలెం, అనకాపల్లి వైపు పూడిమడక హార్బర్ల మాట వింటున్నాం, సంతోషం. అవి పూర్తయినా మా వాడ బోటు రోజూ అంత దూరం పోయి రాలేదు. మేము హార్బర్ కట్టమని అడగడం లేదు. ఏటా సెప్టెంబరు నెలాఖరుకి, అంటే ఈశాన్య గాలి మొదలయ్యే లోపల, పొక్లెయిన్‌తో మేట తవ్వించండి. ఒకసారి జనవరిలో వచ్చి తవ్వారు. అప్పటికే తుపానుల కాలం వెళ్లిపోయింది.

3. హెచ్చరిక వస్తుంది, కానీ అందులో మాకు కావలసింది ఉండదు. ఈ విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "మెసేజ్ పంపాం కదా" అనే జవాబు ప్రతిసారీ వింటున్నాం.

హెచ్చరికలు మెరుగుపడ్డాయని మేమూ ఒప్పుకుంటాం. 1996 నవంబరు 6న కాకినాడ, కోనసీమ తీరాన్ని కొట్టిన తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. అందులో వేటకు వెళ్లినవాళ్లు ఎంతోమంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ముందే చెప్పారు, బోట్లు ఒడ్డుకి ఎక్కించుకున్నాం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం అలల ఎత్తు ముందే చెబుతోంది. చిన్న బోట్ల కోసం, బోటు వెడల్పుని బట్టి ఎక్కడ బోర్లాపడే ప్రమాదం ఉందో చెప్పే సేవ కూడా 2020 నుంచి నడుపుతోంది. మా వాడలో ఆ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది అని అడిగి చూశాను. ఇంటర్ చదివిన ఒక్క కుర్రాడికే తెలుసు.

మేము విశాఖలో బయల్దేరిన రెండు గంటలకి ఫోనుకి మెసేజ్ వచ్చింది. వేటకు వెళ్లరాదని, వెళ్లినవారు వెంటనే ఒడ్డుకు రావాలని. ఫోను కవరులో చుట్టి పెట్టెలో ఉంది. మర్నాడు ఉదయం ఇంట్లో చూసుకున్నాం. సరే, అప్పుడే చూశామనుకోండి. ఏ ఒడ్డుకి రావాలి? భీమిలి మొగ తెరిచి ఉందా? కోనాడ దగ్గర ఎలా ఉంది? మా మొగలో కెరటం ఎక్కడ విరుగుతోంది? అది చెప్పేవాళ్లు లేరు.

అందుకు కొత్త ఉద్యోగాలు కూడా అక్కర్లేదు. ఊళ్లలో మత్స్యకారులకి సాయంగా పెట్టిన సాగర మిత్రలు ఉన్నారు, సచివాలయాల్లో మత్స్య సహాయకులు ఉన్నారు. గాలి ఉన్న రోజుల్లో సాయంత్రం నాలుగింటికి ఒకసారి, చీకటి పడే ముందు ఒకసారి మొగ దగ్గరికి వెళ్లి చూసి "తెరిచి ఉంది", "కష్టం", "రావద్దు" అని మూడింట్లో ఒక మాట పంపితే చాలు. ఆ మాట పక్క రేవుల వాళ్లందరికీ చేరాలి. ఒడ్డు నుంచి పది పదిహేను కిలోమీటర్లు దాటితే ఫోను పనిచేయదు కాబట్టి, ఉపగ్రహం ద్వారా మెసేజ్ అందుకునే నభమిత్ర పరికరాలు చిన్న ఇంజిన్ బోట్లకీ ఇవ్వండి. దేశం మొత్తం మీద లక్ష బోట్లకి 364 కోట్లతో వీటిని ఇచ్చే పనిని 2024 ఆగస్టు 30న ప్రధానమంత్రి ప్రారంభించారు. పెద్ద మరబోట్లకి బిగించాక మిగిలితే చూద్దాం అనకండి. మరబోటుకి వైర్‌లెస్ ఉంటుంది, పైన కప్పు ఉంటుంది. మాకు ఏదీ లేదు. మెసేజ్ తెలుగులో రావాలి. చదవలేనివాళ్ల కోసం మూత మీద ఎర్ర లైటో, బజరో ఉండాలి.

2017 నవంబరు చివర్లో ఓఖీ తుపాను కన్యాకుమారి, కేరళ మత్స్యకారుల మీద విరుచుకుపడింది. రోజుల ముందే లోతు సముద్రానికి వెళ్లినవాళ్లకి కబురు అందలేదు. మన తీరంలోనూ అలాంటిది జరిగేదాకా ఆగొద్దు.

4. వల వదిలేసి వస్తే మా నష్టం ఎవరు భరిస్తారు? మబ్బు చూసి కూడా వీళ్లు ఆలస్యంగా వస్తారు, ఆశ అని మమ్మల్ని అంటారు. మా వలకి రెండు లక్షలు పెట్టాం. అందులో లక్షన్నర అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. వల నీళ్లలో ఉండగా గాలి మొదలైతే, దాన్ని లాక్కోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది. తాడు కోసి పారిపోతే ప్రాణం దక్కుతుంది, కానీ మర్నాటి నుంచి కూలికి పోవాలి. సగం ప్రమాదాలు ఆ రెండు మూడు గంటల్లోనే మొదలవుతాయని నా అనుభవం. హెచ్చరిక వచ్చాక వల వదిలి ఒడ్డుకి చేరినవాళ్లకి ఆ వల ఖరీదులో కనీసం సగం ఇస్తామని ముందే ప్రకటించండి. దొంగ లెక్కలు వస్తాయని మీకు అనుమానం ఉంటే, వేటకు వెళ్లేముందు వలలు ఫొటో తీసి నమోదు చేసుకోండి. మాకు అభ్యంతరం లేదు.

5. గాలిలో చిక్కిన బోటుని దగ్గర్లో ఏ హార్బరు, ఏ జెట్టీ, ఏ పోర్టు ఉంటే అక్కడికి రానివ్వాలి. కాగితాలు, ఫీజులు, "మీది ఏ ఊరు" అనే గద్దింపులు తర్వాత. ఒకసారి లంగరు వేసుకోనివ్వక మమ్మల్ని తిరిగి చీకట్లోకి పంపేశారు. అన్ని గేట్ల దగ్గరా ఈ మేరకు తెలుగులో బోర్డు పెట్టించండి.

6. గల్లంతైనవాళ్ల కుటుంబాల సంగతి. పైన చెప్పానే, నలుగురే తిరిగొచ్చిన బోటు. రాని ఐదో మనిషి నాకు వరసకి బావ అవుతాడు. శవం దొరకలేదు. మా అక్క ఇప్పటికీ నల్లపూసలు తీయలేదు. వేటలో మనిషి చనిపోతే రాష్ట్రం 10 లక్షల పరిహారం ఇస్తుంది. కానీ చనిపోయినట్టు కాగితం కావాలి. శవం లేకపోతే కాగితం రాదు. ఏడేళ్లు కబురు లేకపోతేనే మనిషి పోయినట్టు లెక్క అని పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్‌లో ఉంది, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అదే ఉంది. ఏడేళ్లంటే ఆమె పెద్ద కూతురు ఇంటర్ అయిపోయి పెళ్లీడుకి వస్తుంది. ఈలోగా బ్యాంకులో ఆయన పేరున ఉన్న పదకొండు వేలు తీయడానికి లేదు. వితంతు పింఛనుకి అర్హత లేదు. బోటు అప్పు మాత్రం ఆమెనే అడుగుతున్నారు. ఇంట్లో పెద్దకర్మ చేయాలా వద్దా అన్నది కూడా తేలలేదు. చేస్తే ఆయన్ని మేమే చంపినట్టు ఉంటుందని అత్త ఏడుస్తుంది.

ఇంటి నుంచి చెప్పకుండా వెళ్లిపోయిన మనిషికీ, నలుగురు చూస్తుండగా మొగలో మునిగిపోయిన మనిషికీ ఒకే లెక్క పెట్టడం న్యాయం కాదు. ఓఖీ అప్పుడు కేరళ, తమిళనాడు ప్రభుత్వాలు గల్లంతైనవారి కుటుంబాల కోసం ప్రత్యేక ఉత్తర్వులు ఇచ్చి, ఏడేళ్లు ఆగకుండానే పరిహారం అందించాయి. పెద్ద తుపానులో వందలమంది పోతేనే అలాంటి ఉత్తర్వు వస్తుందా? ఒక్కడే పోయినా ఆ ఇంటికి అదే నష్టం. తోటివాళ్ల వాంగ్మూలం, మెరైన్ పోలీసుల విచారణ, మత్స్యశాఖ నివేదిక, ఈ మూడూ సరిపోతే ఆరు నెలల్లో నిర్ణయం చేసేలా శాశ్వత ఉత్తర్వు ఇవ్వండి. ఆ ఆరు నెలలూ ఇల్లు గడవడానికి నెలకింత అని ఇవ్వండి. మనిషి తిరిగొస్తే ఆ డబ్బు తిరిగి కట్టేస్తామని రాసి సంతకాలు పెడతాం. తిరిగొస్తే అంతకన్నా మాకేం కావాలి?

7. ఒడ్డున తాడు కూడా లేదు. మొగలో బోటు బోర్లాపడితే కోస్ట్ గార్డ్ 1554 నంబరుకి ఫోను చేయమంటారు. వాళ్లు నడి సముద్రంలో ఎంతోమందిని కాపాడారు. కానీ మా మొగలో మనిషికి ఉండేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో చేరగలిగేది వాడలో ఉన్నవాళ్లే. ప్రతి రేవుకీ రెండు వందల మీటర్ల తాడు, విసిరే బెండ్లు, ఒక పెద్ద టార్చి, ఈత బాగా వచ్చిన పదిమంది కుర్రాళ్లకి శిక్షణ ఇవ్వండి. లైఫ్ జాకెట్లు ఇచ్చేటప్పుడు, వల లాగుతూ కూడా వేసుకోగలిగే పల్చనివి ఇవ్వండి. ఇప్పుడున్న లావు జాకెట్లు వేసుకుంటే చెయ్యి ఆడదు, అందుకే అవి బోటు అడుగునే ఉండిపోతున్నాయి.

ఈ ఏడింట్లో చట్టం మార్చాల్సినవి, కేంద్రాన్ని అడగాల్సినవి కొన్ని ఉన్నాయని నాకు తెలుసు. వాటికి సమయం పడుతుంది. మొదటిదానికి, ఏడోదానికి అంత సమయం అక్కర్లేదు. రెండు స్తంభాలు, రెండు దీపాలు, ఒక తాడు. ఇవి ఏ ఆఫీసు పరిధిలోకి వస్తాయో మీలో మీరు కూర్చుని తేల్చుకోండి. పదిహేను రోజుల్లో ఫలానా ఆఫీసు, ఫలానా అధికారి అని మాకు రాతపూర్వకంగా చెప్పండి. సెప్టెంబరు నెలాఖరులోగా దీపాలు పెట్టించండి. స్తంభాలు దింపితే చాలు, గుంటలు మేమే తవ్వుకుంటాం.

మీలో ఎవరైనా వచ్చి చూస్తానంటే, గాలి ఉన్న రోజు సాయంత్రం రండి. ఒడ్డున మా ఆడవాళ్లు ఎక్కడ నిలబడి ఎదురుచూస్తారో అక్కడ నిలబడి చూడండి.

ఇట్లు,
విజయనగరం జిల్లా తీరం నుంచి ఒక ఫైబర్ బోటు సరంగు,
వాడలోని నలభై రెండు బోట్ల వాళ్ల తరఫున